దువ్విన ఇసుక

పెళ్లై పదకొండు రోజులైన ఆ అమ్మాయి ఆనాటి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దు పొడిచేలోగా భర్తతో కలిసి సముద్రంలో కాళ్లు తడుపుకోవడం. చెప్పులు వెతుక్కునే పని కూడా లేదు. హనీమూన్‌కి వచ్చిన ఆ ద్వీపపు రిసార్టులో పడవ దిగగానే అందరి చెప్పులూ గుడ్డసంచుల్లో కట్టి దాచేశారు. వెళ్లేటప్పుడే ఇస్తారట.

తలుపు తీసి గడప మీదే నిలబడిపోయింది. గడప నుంచి నీళ్ల దాకా తెల్లటి ఇసుకని ఎవరో వంకీలు వంకీలుగా దువ్వి పెట్టారు. దాని మీద పిట్ట కాలి గుర్తయినా లేదు.

"ఏమండీ, ఆగండి! కాలు పెట్టారంటే ఊరుకోను."

"మరి ఎగురుకుంటూ వెళ్దామా?"

"ఎవరో పాపం వంగి వంగి గీశారు. తొక్కడానికి నాకు మనసు రావట్లేదండీ."

స్నానాలగదికి పైకప్పు లేదు. ఆకాశం చూస్తూ స్నానం చేయమని అలా కట్టారు గానీ, గోడ దూకమని కాదు. వీళ్లు దూకారు. వెనకనున్న బండల మీదుగా సముద్రానికి వెళ్లారు.

ఇసుక దువ్వే పెద్దాయన ఎనిమిదింటికి వచ్చి చూస్తే ఒక్క అడుగూ లేదు. తలుపు తట్టాడు. పలుకు లేదు. పరుగున వెళ్లి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు ఫోన్ చేస్తే గదిలో మోగి మోగి ఆగిపోయింది.

"కొత్త జంట కదా, దెబ్బలాడుకుని ఉంటారు," అంటూ పూలగుత్తితో బయల్దేరాడు. రాత్రి తన చేపల కూర పడలేదేమోనని వంటాయన బెంబేలెత్తి డాక్టరుని లాక్కొచ్చాడు. వెరసి తొమ్మిదిమంది తలుపు ముందు చేరారు.

సరిగ్గా అప్పుడే వెనకవైపు భార్యని గోడ దాటించి, తను ఎక్కబోతున్న పెళ్లికొడుకు కాలిని కాపలావాడు పట్టుకున్నాడు.

"దొంగ! దొంగ!"

"దొంగని కాదయ్యా, ఈ గదిలో ఉన్నవాణ్ణే!"

"తలుపుండగా గోడెందుకు?"

"మా ఆవిడ ఇసుక తొక్కొద్దంది!"

ఆవిడ హడావిడిగా ముందు తలుపు తెరిచింది. తొమ్మిదిమంది, పద్దెనిమిది పాదాలు. ఒక్క వంకీ మిగల్లేదు. ఘొల్లుమంది.

"ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు డాక్టరు.

"అక్కడ," అని ఇసుక చూపించింది.

సంగతి తెలిసి పెద్దాయన తెల్లబోయాడు. "తొక్కడానికే కదమ్మా నేను దువ్వేది! మీ అడుగులు కనబడకపోయేసరికి నా ఇసుక నచ్చలేదేమో అనుకున్నా."

మేనేజరుతో సహా అందరినీ పక్కకి తోలి, గడప దగ్గర మొదలుపెట్టి నీళ్ల దాకా మళ్లీ దువ్వాడు. ఈలోగా కాపలావాడు వదిలిపెట్టిన పెళ్లికొడుకు గోడ దిగి గడప దగ్గరికి వచ్చాడు. ఆమె భర్త చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి దిగింది. చల్లటి ఇసుక వేళ్ల మధ్యకి జారింది. నీళ్ల దగ్గర ఆగి వెనక్కి చూస్తే, గడప దాకా రెండు వరసల అడుగులు. అంత అందమైనది తమ పాదాలే గీశాయంటే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే చూస్తే, స్నానాలగది గోడ వెనక బండల మధ్య కూడా ఇసుక దువ్వి ఉంది.