లైల్ స్టబ్బి సగటు

ఆ మంగళవారం పొద్దున ఆర్డిత్ క్లెమ్ పెట్టుకున్న పనులు రెండే. ప్లమ్ పళ్ళ జామ్ చేయడం, తమ ఊరి బేస్‌బాల్ జట్టు "హార్లన్ కొంగలు" ఆటగాళ్ళ బ్యాటింగ్ సగటులు లెక్కగట్టి పత్రికవాళ్ళకి ఫోన్లో చదవడం. చర్చిలో ఆర్గన్ వాయించుకునే ఆవిడ చేతికి జట్టు స్కోరు పుస్తకం వచ్చి మూడు రోజులే అయింది. పాత స్కోరరు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మొత్తం హార్లన్‌లో పెన్సిలు ఎప్పుడూ చెక్కి ఉంచుకునే మనిషి ఆర్డిత్ ఒక్కతేనని పెద్దలు తేల్చారు.

సగటులు అచ్చయిన రోజున అట్టడుగున ఉన్నవాణ్ణి జట్టులోంచి తీసేసి మధ్యాహ్నం బస్సెక్కించడం మేనేజరు గస్ బ్రానిగన్ అలవాటు. ఈ వారం వంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఆర్డిత్ ఇంట్లో మేడ మీద గదిలో ఉంటున్న లైల్ స్టబ్బిది. పంపేస్తే కుర్రాడు తండ్రి పందుల దొడ్డికి తిరిగి పోవాలి. ఆ మాట ఆర్డిత్‌కి ససేమిరా ఇష్టం లేదు. పిల్లల్లేని ఆవిడకి ఈ రెండు నెలల్లో వాడు బాగా అలవాటయ్యాడు.

లైల్ చెడ్డ ఆటగాడని కాదు. ఈ లోకంలో ఉండడు, అంతే. బ్యాటు భుజానేసుకుని నిలబడితే మైదానం అవతల మొక్కజొన్న చేల మీద గాలి ఎటు పోతుందో, పొలాల చివర మబ్బుల నీడలు ఎలా జారుతున్నాయో చూస్తూ ఉండిపోతాడు. బంతి వస్తుంది, పోతుంది. బుద్ధి పుడితే ఎప్పుడో ఒకసారి బ్యాటు ఊపుతాడు.

బంతి విసిరే పిచర్ నాలుగు బంతులు పక్కకి విసిరితే బ్యాటరు ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, నడిచి వెళ్ళిపోవచ్చు. ఆ నడకల్ని సగటులో కలపరని హార్లన్‌లో కుక్కలకి కూడా తెలుసు. ఆర్డిత్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. కొట్టి చేరినా నడిచి చేరినా మనిషి అక్కడ ఉన్నాడా లేదా అన్నదే ఆవిడ లెక్క. కొట్టిన దెబ్బలే లెక్కిస్తే లైల్ సగటు వెయ్యికి రెండు వందల అయిదు. ఆవిడ లెక్కలో మూడు వందల ఎనభై. పొయ్యి మీద జామ్ కుతకుతలాడుతుంటే ఆవిడ ఆ అంకె ఫోన్లో చదివేసింది.

మర్నాడు గస్ పత్రిక పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమండీ మిసెస్ క్లెమ్! మన లైల్‌గాడు లీగ్ మొత్తంలో మొదటివాడా?"

"కాకపోతే పత్రికలో ఎందుకేస్తారు?"

"నేను చూసినప్పుడల్లా వాడు దిక్కులు చూస్తూనే కనిపిస్తాడే!"

"కళ్ళు చూపించుకోండి గస్. వయసు మీద పడుతోంది" అంది ఆర్డిత్ జాలిగా.

గస్ ఆ సాయంత్రమే కళ్ళజోడు కొనుక్కున్నాడు. లైల్‌ని అందరికన్నా ముందు బ్యాటింగ్‌కి పంపడం మొదలెట్టాడు.

పత్రికలు పక్క ఊళ్ళ పిచర్లు కూడా చదువుతారు. మూడు వందల ఎనభై వాడు ఎదురుగా నిలబడితే ఎవడు మాత్రం సూటిగా విసురుతాడు? వణుకుతూ పక్కకి విసిరారు. లైల్ కలలోంచి కలలోకి నడిచినట్టు మొదటి బేస్‌కి నడిచాడు. వెనకాల వచ్చినవాళ్ళు ఏ కొంచెం కొట్టినా వాడు తాపీగా ఇంటి బేస్ చేరి పరుగు తెచ్చేవాడు. ప్రతి నడకనీ ఆర్డిత్ పుస్తకంలో దెబ్బగా ఎక్కించింది. అంకె నాలుగు వందలు దాటింది. పిచర్లు ఇంకా బెదిరారు. ఆగస్టు ఎండమావుల్లో ఊరంతా తేలిపోతున్నట్టుండేది; కొంగలు తొమ్మిది ఆటల్లో ఎనిమిది గెలిచాయి. పెద్ద లీగ్ జట్టు ఒకటి లైల్‌ని చూడడానికి శనివారం తమ మనిషిని పంపుతున్నామని ఉత్తరం రాసింది.

శుక్రవారం ఆసుపత్రి నుంచి పాత స్కోరరు ఫోన్ చేశాడు. "ఆర్డిత్, ఒక్క మాట నిజం చెప్పు. నడకలు కూడా కలిపావా?"

"కలపకూడదా?"

"నడకలు సగటులోకి రావు!" అన్నాడాయన. చెబితే లైల్ పందుల దొడ్డికి పోతాడు. చెప్పకపోతే ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని ఆర్గన్ ముందు కూర్చోవాలి? రాత్రంతా ఏడ్చి, శనివారం ఆటకి గంట ముందు గస్‌కి చెప్పేసింది.

"అంటే నా కళ్ళకి ఏం కాలేదా?" అని గస్ కళ్ళజోడు తీసి విసిరికొట్టాడు. "ఆట అవగానే వాణ్ణి బస్సెక్కిస్తా! ఈలోగా ఆ పెద్ద జట్టు మనిషి ముందు నా పరువు దక్కాలి. ఒరేయ్ లైల్! ఇవాళ వచ్చిన ప్రతి బంతికీ ఊపు. వింటున్నావా?"

"అలాగేనండీ" అన్నాడు లైల్.

చెప్పినట్టే ఊపాడు. మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ గాలిని కొట్టి వచ్చాడు. పెద్ద జట్టు మనిషి టాల్‌మేజ్ ఆర్డిత్ పక్కనే కూర్చుని ఆవిడ పుస్తకంలోకి తొంగి చూస్తున్నాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోతోంది. ఆఖరి వంతు. స్కోరు సమం. మూడు బేస్‌ల మీదా కొంగలే. లైల్ మళ్ళీ వచ్చాడు.

స్కోరరు ఆటగాళ్ళతో మాట్లాడకూడదు. అది తెలిసే ఆర్డిత్ లేచి నిలబడింది. "నాయనా! నువ్వు ఊపొద్దు! నీ మానాన నువ్వు నిలబడు!"

లైల్ మొహం విచ్చుకుంది. భుజాలు వదులయ్యాయి, చూపు చేల మీదికి పోయింది. నాలుగు వందలు దాటిన వాడు అంత నిశ్చింతగా నిలబడేసరికి పిచర్‌కి చెమటలు పట్టాయి. నాలుగు బంతులూ పక్కకే పోయాయి. లైల్ నడిచాడు, తక్కినవాళ్ళు ఒక్కో బేస్ ముందుకి జరిగారు, మూడో బేస్ వాడు ఇంటి బేస్‌కొచ్చాడు, ఆట గెలిచారు.

అంపైరు చీవాట్లు పెడుతున్నా ఆర్డిత్‌కి వినపడలేదు. టాల్‌మేజ్ చెయ్యి చాచాడు. "ఆ పుస్తకం ఇస్తారా అమ్మా?"

"తప్పుల పుస్తకం బాబూ. నాకు లెక్క తెలియక..."

"ముప్పై ఏళ్ళుగా ఒప్పుల పుస్తకాలే చూస్తున్నా. వాటిల్లో ఇలాంటివాడు ఎక్కడా కనిపించడు. కొట్టేవాళ్ళు మాకు బోలెడంతమంది. ఔటవకుండా నిలిచేవాడే దొరకట్లేదు. సోమవారం మా దగ్గరికి పంపండి."

బస్సు టిక్కెట్టు చేతిలో పట్టుకుని వచ్చిన గస్ గతుక్కుమన్నాడు. "మా వాణ్ణి ఎలా తీసుకుపోతారండీ? వాడు లేకపోతే మా జట్టేం కావాలి?"

ఆర్డిత్ లైల్ తల నిమిరి కళ్ళు తుడుచుకుంది. టాల్‌మేజ్ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి మెచ్చుకోలుగా అడిగాడు. "ఆ ఆఖరి బంతి అంగుళం తేడాలో బయటికి పోయింది. దాన్ని వదిలెయ్యాలని నీకెలా తెలిసిందయ్యా?"

"ఏ బంతండీ?" అన్నాడు లైల్.

టాల్‌మేజ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు: "నిగ్రహం అపారం."