పక్క వీధి తూటా

ఆకాశంలోకి తుపాకీ పేల్చడం ఆపాలనేవాళ్ళకు పిల్లల ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనివ్వండి. నిజం ఎప్పుడు ఎవరికి రుచించింది గనుక!

పద్దెనిమిదేళ్ళ పిల్లల గురించి డాక్టర్లు ఏమంటున్నారు? కదలరు, ఎండ చూడరు, ఫోను వదలరు, కంటినిండా నిద్రపోరు అంటున్నారు. ఇర్బిద్ అనే అరబ్బు ఊళ్ళో దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ఏటా ఆగస్టులో తౌజీహీ ఫలితాలు వస్తాయి. బడి చదువుకు అదే ఆఖరి పరీక్ష. పిల్ల డాక్టరవుతుందో, దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుంటుందో అదే తేలుస్తుంది. ఫలితం వచ్చిన అయిదు నిమిషాలకు సంబరపు తుపాకులు మొదలవుతాయి. పిల్లలు ఫోన్లు పారేసి నాలుగంతస్తులు పరుగున దిగి మెట్ల కింద చేరతారు. ఇంత వ్యాయామం ఏ డ్రిల్లు మాస్టారు చేయించగలడు?

తర్వాత కార్ల ఊరేగింపు. పాసైన పిల్లలు సీట్లో కూర్చోరు. కిటికీ మీద కూర్చుంటారు. ఒక కాలు లోపల, మిగతా మనిషంతా బయట. తొడ కండరాలకు మంచిది. సీటు బెల్టు పొట్ట మీద ఒరుసుకునే బాధ లేదు. పోయినేడాది పెద్ద రోడ్డు మలుపులో ఇద్దరు జారిపడి ఆరు వారాలు మంచం దిగలేదు. పిల్లలకు నిద్ర చాలడం లేదని డాక్టర్లు మొత్తుకున్నది వీళ్ళ గురించే కదా!

మేడల మీది నీళ్ళ ట్యాంకుల సంగతి చెప్పనే లేదు. కుళాయికి వారానికి ఒక్కరోజు నీళ్ళొచ్చే ఊళ్ళో, ట్యాంకుకు తూటా తగిలితే ఇంట్లో పిల్లలే బకెట్లు మోస్తారు. భుజాలు గట్టిపడతాయి. ప్లంబరు పిల్లలు కడుపునిండా తింటారు.

ఇక చదువు. ఒక ఏడు భౌతికశాస్త్రం పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. పైకి విసిరిన వస్తువు తిరిగి నేలను తాకేటప్పుడు దాని వేగం ఎంత? అయిదు మార్కులు. ఊళ్ళో వాలు వీధి అనే వీధి నుంచి పరీక్షకు వెళ్ళిన పదకొండుమందీ సరిగ్గా రాశారు. ఆ సంతోషం పట్టలేకే వాళ్ళ తండ్రులు తూటాలు పైకి విసిరారు.

ఆ పదకొండుమందిలో తొమ్మిదిమందికి ఆ లెక్క చెప్పింది ఒకే మాస్టారు. పేరు హిషామ్. అదే వీధిలో మూడో ఇల్లు. ఇరవై ఆరేళ్ళుగా నల్లబల్ల మీద బాణం గుర్తు పైకి గీసి, మళ్ళీ కిందికి గీసి చూపిస్తున్నాడు. ఆయనకు తుపాకీ లేదు. ఒక్కతే కూతురు లుజైన్, ఆ పదకొండుమందిలో ఒకతె. పళ్ళ డాక్టరు కావాలని ఆ పిల్ల కోరిక. ఆరో తరగతిలో తన పాలపన్ను తనే దారం కట్టి ఊడబెరుక్కుని, వేరు ఎక్కడ పోయిందని తండ్రిని అడిగింది. ఆ రోజు నుంచీ ఇంట్లో వేరే చదువు ప్రస్తావన లేదు.

ఫలితాల రోజు పొద్దున పది గంటలకు దేశమంతా ఒకే వెబ్‌సైటు మీద పడింది. లుజైన్ ఫోన్లో ముందు పేరు వచ్చింది. తర్వాత ‘ఉత్తీర్ణురాలు’ అన్న మాట వచ్చింది. మార్కుల దగ్గర చక్రం తిరుగుతూ ఉండిపోయింది. తల్లి ఇబ్తిసామ్‌కు ఆ ఒక్క మాట చాలింది. బాల్కనీలోకి వెళ్ళి నాలుక ఆడిస్తూ సంబరపు కూత వేసింది. అటూ ఇటూ బాల్కనీలు అందుకున్నాయి. పాసవడం వేరు, పళ్ళ డాక్టరు సీటు వేరు. ఆ సీటుకు ఎంత రావాలో తెలిసిన లుజైన్ సిగ్నల్ కోసం మేడ ఎక్కింది.

కింద వీధిలో కారు ఆగింది. దిగినవాడు ఇబ్తిసామ్ తమ్ముడు నాయిఫ్. టైర్ల కొట్టు నడుపుతాడు. లుజైన్‌కు సైకిలు నేర్పిందీ, పరీక్ష రోజుల్లో సెంటరు దాకా దింపి సాయంత్రం దాకా గేటు బయట కూర్చున్నదీ అతనే. కూత విన్నాడు. మేనకోడలు పాసైంది. పిస్తోలు తీశాడు.

అయిదు తూటాలు పైకి వెళ్ళాయి. ఆరోది పేల్చబోతుండగా పక్కింటాయన ‘మబ్రూక్’ అన్నాడు. శుభాకాంక్షలు చెప్పిన మనిషి వైపు తిరగకపోతే మర్యాదేనా? నాయిఫ్ తిరిగాడు. చెయ్యి కూడా తిరిగింది. తూటా మేడ పిట్టగోడ అంచు మీదుగా వెళ్ళి, లుజైన్ ఫోను పట్టుకున్న చేతికి, మోచేతికీ మణికట్టుకూ మధ్య తగిలింది.

ఫోను పడిపోయింది గాని పగల్లేదు. మార్కులు అప్పుడే వచ్చాయి. తొంభై ఆరు పాయింట్ రెండు.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది నాయిఫే. చొక్కా విప్పి చేతికి కట్టి, సిగ్నళ్ళు లెక్కచెయ్యకుండా తోలాడు. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని బావను ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఎంతొచ్చాయి బావా?”

హిషామ్ చెప్పాడు. నాయిఫ్ మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఎంత వచ్చాయో తెలియకుండా ఆరు పేల్చినవాడు, తెలిసి ఉంటే ఎన్ని పేల్చేవాడో ఆలోచించండి! వెబ్‌సైటు మొరాయించబట్టి సరిపోయింది.

తూటా గాయం వస్తే ఆసుపత్రివాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఒక సార్జంటు వచ్చాడు. మర్యాదస్తుడు. తూటా ఎటు నుంచి వచ్చిందని హిషామ్‌ను అడిగాడు. హిషామ్ భార్య వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

“పక్క వీధి నుంచి వచ్చినట్టుంది” అన్నాడు హిషామ్.

వీధిలో పన్నెండుమందిని అడిగితే పన్నెండుమందీ అదే చెప్పారు. మబ్రూక్ చెప్పిన పక్కింటాయన వేలు పెట్టి మరీ చూపించాడు. ఇర్బిద్‌లో తూటాలన్నీ పక్క వీధి నుంచే వస్తాయి. సార్జంటు పక్క వీధికి వెళితే అక్కడివాళ్ళు ఆ పై వీధి చూపించారు. అలా వీధి వీధీ తిరిగి ఉంటే ఆ తూటా సరిహద్దు అవతలి దేశం నుంచి వచ్చినట్టు తేలేది. సార్జంటు అంత దూరం వెళ్ళలేదు. పిల్ల ఇంటికి వచ్చాక ఆమె వాంగ్మూలం తీసుకుంటానని వెళ్ళిపోయాడు. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఆమె మాట ఆమే చెప్పాలి. చట్టంలో ఇలాంటి లొసుగులు చాలా ఉన్నాయి.

లొసుగుల్ని పూడ్చడానికే పెద్దమనుషులున్నారు. తొమ్మిదో రోజున నాయిఫ్ వైపు నుంచి జాహా వచ్చింది. తప్పు చేసినవాడి తరఫున క్షమాపణ అడగడానికి వచ్చే పెద్దల బృందం అది. ముప్ఫైమంది. టెంటు హౌసు నుంచి కుర్చీలు ముందే దిగాయి. వాళ్ళకు పెద్ద, హజ్ యాత్ర చేసొచ్చి అందరిచేతా హజ్ అనిపించుకునే అబూ మిషాల్. ఆ జిల్లాలో ఆయన సర్దుబాటు చెయ్యని తగవు లేదు. అందరి చేతికీ చేదు కాఫీ చిన్న కప్పుల్లో ఇచ్చారు. హజ్ కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టాడు. మిగతా ఇరవై తొమ్మిదిమందీ పెట్టారు. వచ్చిన పని అవుతుందని ఇంటాయన మాటిచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. ముప్ఫైమంది మీ ఇంట్లో మీ కాఫీ తాగకుండా కూర్చుంటే మీ పరువు ఏం కావాలి?

హజ్ చాలాసేపు మాట్లాడాడు. విధి గురించి, బంధుత్వం గురించి, తన చిన్నతనంలో తన చెవి పక్కనుంచే వెళ్ళిన తూటా గురించి చెప్పాడు. కుర్రాడు ప్రేమ కొద్దీ చేసిన పని అన్నాడు. కుర్రాడికి నలభై రెండేళ్ళు. చివరికి విషయానికి వచ్చాడు.

“హిషామ్, మేం అడిగేది ఒకటే. అమ్మాయి పోలీసుకు చూళ్ళేదని చెప్పాలి. నీ ఇల్లాలు వాడి అక్క. తమ్ముణ్ణి జైల్లో పెట్టించిన ఇల్లాలితో రేపు నువ్వు ఎలా కాపరం చేస్తావు? చెప్పు, కాఫీ తాగమంటావా, చల్లారిపోనిమ్మంటావా?”

నాయిఫ్ వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. హిషామ్ ముప్ఫై కప్పుల వైపు చూశాడు.

“తాగండి” అన్నాడు. “అడిగింది ఇచ్చాను.”

అందరూ ఒక్క గుక్కలో తాగేశారు. ఆలింగనాలయ్యాయి. ఇబ్తిసామ్ తలుపు చాటున కళ్ళు తుడుచుకుంది. తొమ్మిది రోజుల్లో ఆమె ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. చూడండి, ఎంత చక్కగా ముగిసిందో! కోర్టు లేదు, లాయరు లేదు.

కుర్చీలు ఎత్తించాక హిషామ్ కూతురి గదిలోకి వెళ్ళాడు. ఆమె మంచం మీద కూర్చుని ఎడమచేత్తో కుడిచేతి చిటికెనవేలు, ఉంగరం వేలు ఒక్కోటీ నొక్కి చూసుకుంటోంది. ఆ రెండింటికీ స్పర్శ తెలియడం లేదు.

“కాఫీ ఎలా కుదిరింది నాన్నా?”

“బాగానే ఉంది.”

“అందరూ తాగారా?”

“తాగారు.”

“నా కప్పు ఎవరు తాగారు?”

హిషామ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. అమ్మ గురించి ఆలోచించమన్నాడు. మామయ్య తొమ్మిది రోజులుగా అన్నం ముట్టలేదన్నాడు. తను మాటిచ్చేశానన్నాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. లుజైన్ అన్నీ విని, మామయ్యంటే తనకు కోపం లేదని చెప్పింది. అది కూడా అబద్ధం కాదు.

మర్నాడు సార్జంటు కాగితాలతో వచ్చాడు. పని సులువు కావాలని వాంగ్మూలం స్టేషన్‌లోనే రాసుకొచ్చాడు. గుర్తు తెలియని వ్యక్తి పేల్చిన తూటా, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. లుజైన్ కుడిచేత్తో పెన్ను పట్టుకోబోయింది. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. సార్జంటు ఇబ్బంది పడి, సంచిలోంచి సిరా డబ్బా తీశాడు. చదువురాని ముసలివాళ్ళ కోసం ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

“వేలిముద్ర చాలమ్మా” అన్నాడు.

తొంభై ఆరు పాయింట్ రెండు వచ్చిన పిల్ల ఆ సిరా వైపు చూసింది. కాగితం తీసుకుని మొదటి నుంచీ చదివింది.

“ఇక్కడ తప్పుంది సార్. గుర్తు తెలియని వ్యక్తి కాదు. మా మేనమామ నాయిఫ్.”

“అమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు గదా.”

“మాట్లాడుకున్నారు. మేడ మీద ఉన్నది నేను. అయిదు మోతలు విన్నాను. గోడ మీంచి కిందికి చూశాను, మామయ్యకి చెయ్యి ఊపుదామని. ఆరోది తగిలింది.”

ఇబ్తిసామ్ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది. సార్జంటు హిషామ్ వైపు చూశాడు. ఇంటి పెద్ద ఒక్క మాట అంటే చాలు. పిల్ల ఇంకా నొప్పి మందుల మత్తులో ఉందని అంటే ఆయన నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఆమె చెప్పినట్టే రాయండి” అన్నాడు హిషామ్. “నేను చూళ్ళేదు. ఆమె చూసింది.”

చదువు ఎంత ప్రమాదకరమో ఇప్పుడైనా తెలిసిందా? ముప్ఫైమంది పెద్దలు తాగిన కాఫీ బూడిదలో పోసినట్టయింది. హజ్ అబూ మిషాల్ హిషామ్‌తో మాటలు మానేశాడు. ఇబ్తిసామ్ నలభై రోజులు పుట్టింట్లో ఉండి వచ్చింది. నాయిఫ్‌కు జైలు శిక్ష పడింది. అతను బయటికి వచ్చిన వారం నుంచీ ఆదివారం, బుధవారం మేనకోడల్ని కారులో ఫిజియోథెరపీకి తీసుకెళుతున్నాడు. రమ్మని ఎవరూ అడగలేదు. మొదటి రోజు వచ్చి కింద హారన్ కొట్టాడు, ఆ పిల్ల దిగింది.

పళ్ళ డాక్టరు కోర్సులో సీటు వచ్చింది. చేరేముందు చేసిన వైద్య పరీక్షలో కుడిచేతి రెండు వేళ్ళు పనిచెయ్యవని రాశారు. లుజైన్ ఫార్మసీలో చేరింది.

నష్టం అంతటితో ఆగిందా? లేదు. మరుసటి ఆగస్టు వచ్చింది. వాలు వీధిలో ఎనిమిదిమంది పరీక్ష రాశారు. పది గంటలకు ఫలితాలు వచ్చాయి. ఒక్క తూటా పేలలేదు. సొంత మేనమామ పేరే చెప్పిన పిల్ల ఉన్న వీధిలో ఏ మగాడు పిస్తోలు తీస్తాడు? వీధి అంతా బాల్కనీల్లో నిలబడి ఏం చెయ్యాలో తోచక ఒకరి మొహం ఒకరు చూసుకుంది.

అప్పుడు ఎదురింటి మెట్ల మీదికి యమాన్ అనే కుర్రాడు వచ్చాడు. పాసయ్యానని, డెబ్బై ఒకటి వచ్చాయని చెప్పాడు. గట్టిగా కూడా చెప్పలేదు. అయినా వీధి చివరి దాకా వినిపించింది. ఎవరో ఊరికే ఉండలేక, ఏం చదువుతావురా అని అడిగారు.

“మా నాన్న ఇంజినీరింగ్ అంటున్నాడు” అన్నాడు యమాన్. “నాకు వంట నేర్చుకోవాలనుంది.”

తండ్రి పక్కనే స్వీట్ల పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆ మాట వినడం అదే మొదటిసారి.

పాఠకులారా, ఆలోచించండి. ఆ మాట మోతలో కలిసిపోవలసింది. ఎన్ని తరాలుగా ఎన్ని ఇళ్ళు ఆ మోత వల్ల నిలబడ్డాయి! అందుకే తుపాకులు వెంటనే మళ్ళీ మొదలుపెట్టాలి. పిల్లలకు ఒక చెయ్యో కాలో పోతే పోతుంది. వాళ్ళు అనేది మనకు వినబడడం మొదలైతే, ఏమని జవాబు చెబుతాం?