వట్టివేళ్ళ తడకల గదిలో జబ్బు

నాగరిక దేశంలో జబ్బు ముందు మనిషికి రాకూడదు. ముందు జాబితాలోకి రావాలి, ఆ తర్వాతే మనిషికి రావాలి. ఈ సత్యాన్ని గుంటూరులోని జబ్బుల నిర్ధారణ కార్యాలయం 1962 నాటికే కనిపెట్టి, నలభై ఒక్క జబ్బులను ఆమోదించింది. (పాముకాటు జబ్బు అవునా కాదా అన్న ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. పాములు మాత్రం ఆగలేదు.)

పెదకాకాని మల్లేశ్వరి టీచరుకు ఈ సంగతి తెలియక నలభై రెండోది వచ్చింది. ఆమె పని చేసే బడి ఊరికి మూడు మైళ్ళ అవతల, పత్తిచేలు దాటి ఉంది. చల్లటి పొద్దున బాగానే నడిచి వెళ్ళేది. ఎండెక్కాక తిరిగొస్తుంటే కాళ్ళు తనవి కానట్టు ఉండేవి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కూడా బూడిదరంగులో కనిపించేవి. ఫాల్గుణంలో ఒకరోజు చేలగట్టు మీద పడి, పొద్దు వాలేదాకా లేవలేకపోయింది. సొంత ఊరి బడికి బదిలీ చేస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆమె అడిగింది అంతే.

నరాల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు సంజీవరావు రెండేళ్ళు ఆమెను పరీక్షించి, అది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చాడు. పెద్ద వైద్యపత్రికలో వ్యాసం అచ్చయింది. అందులో ఆమె మూడో రోగి. ఫోటో కూడా వేశారు, ఎవరూ గుర్తుపట్టకుండా కళ్ళ మీద నల్లపట్టీతో.

బదిలీ ఇవ్వాలంటే ముందు జబ్బు ఉన్నట్టు తేలాలి గనక, ఏప్రిల్లో నిర్ధారణ కార్యాలయంలో విచారణ పెట్టారు. అధికారి శ్రీమన్నారాయణ గారు ఫోటో వంక చూశారు.

"ఈ పట్టీ వెనక ఉన్నది మీరేనని రుజువేమిటమ్మా?"

"ఆ చెవిపోగులు నావేనండి."

"బదిలీ అడిగింది చెవిపోగులు కాదు కదా." ఆయన డాక్టరు వైపు తిరిగారు. "పోనీ మీ మొదటి వాక్యం చూడండి. 'ఈ జబ్బు ఉష్ణదేశాల్లో ఉండదని ప్రసిద్ధి.' మీరు రాసిందే కదండీ?"

"అది తప్పని చెప్పడానికే తక్కిన పదకొండు పేజీలూ రాశానండి."

"జతపరచిన కాగితాల్లో మొదటి పేజీ చదవాలి, తక్కినవి లెక్కపెట్టాలి. అది నిబంధన. లెక్కపెట్టాం. సరిపోయాయి."

"వేడి తగిలితే ఈ జబ్బు పైకి లేస్తుందని నాలుగో పేజీలో రాశాను."

"చదవడం ఎందుకండీ, నడిపించి చూస్తే పోలా?"

ఆ గదికి నాలుగు వైపులా వట్టివేళ్ళ తడకలు. బంట్రోతు గౌస్ బాషా వాటిని గడియకోసారి తడుపుతాడు. పైన ఫ్యాను. మల్లేశ్వరి ఆ చల్లదనంలో రెండు గంటలుగా కూర్చుని ఉంది. లేచి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. పత్తిచేలలో ఏనాడూ మాట వినని కాళ్ళు అధికారి ముందు బుద్ధిగా నడిచాయి. ఆమెకు వాటిని చూస్తే సిగ్గేసింది.

"ఇంత చక్కటి నడక నాకే లేదు," అన్నారు శ్రీమన్నారాయణ గారు.

"బయట ఎండలో నడిపించండి," అన్నాడు డాక్టరు.

"బయట మా పరిధిలోకి రాదండి."

గౌస్ బాషా చెంబు దించాడు. "అయ్యా, ఇందాక మెట్ల మీద కూలబడితే అమ్మగార్ని నేనే లేవదీశానండి."

"నీ ఉద్యోగం ఏమిటి గౌస్ బాషా?"

"తడకలు తడపటమండి."

"తడుపు."

'రోగి కార్యాలయం లోపల ఆరోగ్యముగా ఉన్నది' అని ఉత్తరువు తయారైంది. దాని నకలు మాత్రం బయట కిటికీ దగ్గర సంతకం చేసి తీసుకోవాలి. ఒంటిగంట ఎండలో వరుస అరగంటపాటు కదల్లేదు. తన వంతు వచ్చేసరికి మల్లేశ్వరి వేళ్ళకు కలం తెలియలేదు. రెండుసార్లు జారిపోయింది. భోజనానికి వేళైన గుమాస్తా సిరాదిండు ముందుకు తోశాడు. గౌస్ బాషా వచ్చి ఆమె బొటనవేలు పట్టి అద్దించాడు.

"ఏం కాదులే అమ్మా. నా సంతకమూ ఇదే."

ఆరేళ్ళుగా పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్న మల్లేశ్వరి ఆ ముద్రను కాసేపు చూసింది. తర్వాత వేలు పమిటచెంగుకు తుడుచుకుంది.

పదిరోజులకు ఇంకో ఉత్తరువు వచ్చింది. 'సదరు ఉపాధ్యాయురాలికి సంతకము రాదని రశీదు వలన బయటపడినందున ఉద్యోగము నుండి తొలగించడమైనది. తొలగించినందున బడికి వెళ్ళవలసిన పని లేదు. వెళ్ళవలసిన పని లేనందున మూడు మైళ్ళ దూరము గురించిన విన్నపము సంతృప్తికరముగా పరిష్కారమైనది. ఈ ఉత్తరువు అందినట్లు సంతకము చేసి తిప్పి పంపవలెను.'