కారవాన్ కింద కాపురం

పెళ్లాన్ని ఒప్పించాల్సి వస్తే కొందరు చీర కొంటారు. కొందరు సినిమాకు తీసుకెళ్తారు. నేను కారవాన్ తెచ్చాను. అంటే కారు వెనక కట్టుకుని ఈడ్చుకెళ్లే ఇల్లు. మంచం, పొయ్యి, కిటికీకి పూల కర్టెన్, ఓ మూల బుల్లి బాత్‌రూమ్. ఆ బాత్‌రూమే నా కొంప ముంచింది.

ముందు మా కాపురం సంగతి చెప్పాలి. మా ఆవిడ కృపామణి హాయిల్‌లో ఆసుపత్రి నర్సు. ఆమె ఉండేది ఆడవాళ్ల హాస్టల్లో. ఆ గేటు మగదోమ కూడా దాటదు. నేను ఊరి బయట అబూ మిషారి కూరగాయల తోటలో ప్యాకింగ్ షెడ్డు సూపర్‌వైజర్ని. ఆయనే నా కఫీల్. ఈ అరబ్బు దేశంలో నేనుండాలన్నా కదలాలన్నా ఆయన పేరు మీదే. నా పడక మరో ముగ్గురు మగాళ్లున్న గదిలో.

అంచేత మా కాపురమంతా నా పాత కారు ముందు సీట్లలోనే నడిచింది. అలకలు, రాజీలు, పుట్టినరోజు కేకులు, అన్నీ అక్కడే. పోట్లాడుకున్నప్పుడు ఎవరి కిటికీలోంచి వాళ్లు బయటికి చూసేవాళ్లం. అంతకు మించి అలగడానికి చోటుండేది కాదు.

అలాంటిది కృపామణికి జిజాన్‌లో పోస్టు వచ్చింది. సముద్రం పక్కన ఆసుపత్రి. పైగా ఫ్యామిలీ క్వార్టర్స్. ఆమె ఎగిరి గంతేసింది. నేను వెయ్యలేదు.

"అక్కడ ఎండలు మాడ్చేస్తాయట" అన్నాను.

"మనం పుట్టింది బందరులోనండీ, మంచుకొండల్లో కాదు."

"దోమలు కూడా ఎక్కువట."

"పెళ్లయిన రోజు మీ ఇంట్లో నన్ను కుట్టినన్ని ఉండవులెండి."

అసలు కారణం ఎండలూ కాదు, దోమలూ కాదు. అదేమిటో చెప్పే ధైర్యం అప్పటికి నాకు లేదు. అందుకే పథకం వేశాను. చలికాలం వస్తే ఇక్కడివాళ్లంతా ఎడారిలోకి వెళ్లి మంటలేసుకుని కూర్చుంటారు. అబూ మిషారికి ఆ పనికే ఓ పాత కారవాన్ ఉంది. సెలవు రోజుల్లో అందులో కృపామణిని మహారాణిలా చూసుకుంటే, 'జిజాన్ ఎందుకండీ, హాయిల్‌లోనే హాయి ఉంది' అని తనే అంటుందని నా ఆశ.

అడగడానికి వెళ్లి ముందు ఆయన ఖర్జూరాలను పొగిడాను. తర్వాత ఒంటెల్ని పొగిడాను. గుర్రాల దగ్గరికి వచ్చేసరికి ఆయనే నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. వచ్చే వారం తన పిల్లలు దాంట్లో వెళ్తున్నారట, జాగ్రత్తగా తెచ్చిమ్మన్నాడు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను.

కారవాన్‌ను తోట బండికి కట్టి లాగడానికి, నా పథకం ముందే చెప్పుకున్న నబీ రసూల్‌ని పిలిచాను. మా తోటలో డ్రైవరు, కడప మనిషి. లోకంలో ఏ సమస్యయినా బోల్టు బిగిస్తే తీరిపోతుందని అతని నమ్మకం. అందుకే అందరం బోల్టు రసూల్ అంటాం.

"అన్నా, రోడ్డెంబడి ఎందుకు? ఇట్లా అడ్డంగా పోతే కొండల కాడికి బిరీన పోతాం" అన్నాడు.

అతను తోట బండితో లాగుతుంటే, వెనకే నా కారులో నేను, బిరీనే పోయాం. అజా కొండలు కనిపించేసరికి ఓ రాయి కూడా కనిపించింది, కానీ అది ముందు చక్రాలు దాటాక కనిపించింది. ధడేల్!

దిగి చూస్తే నా గుండె జారింది. దాంతోపాటు ట్యాంకు కూడా జారింది. బాత్‌రూమ్ నీళ్లన్నీ చేరే ట్యాంకు అది. కారవాన్ పొట్ట కింద ఇనుప పట్టీల మీద వేలాడుతూ ఉంటుంది. ఒక పట్టీ తుప్పుపట్టి తెగిపోయింది. ట్యాంకు ఓ పక్క ఇసుకలోకి ఒరిగిపోయి, పైపు పట్టుకుని వేలాడుతోంది.

"రసూల్, కఫీల్‌కి థ్యాంక్స్ చెబుదామనుకున్నానయ్యా. ఇప్పుడు ట్యాంక్స్ చెప్పాలి" అన్నాను ఏడుపుగొంతుతో.

"ఏం గాదులేన్నా, ఒక బోల్టు పని."

"లోపల నీళ్లున్నాయేమో?"

"సుక్క లేదన్నా, నేను తట్టి సూసినా గదా" అంటూ వాల్వు లాగాడు.

పోయిన చలికాలం అబూ మిషారి ఇంటివాళ్లు వాడిన నీళ్లన్నీ మా చెప్పుల మీదుగా ఎడారిలో కలిశాయి. ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చిన ఓ మేక వాసన చూసి వెనక్కి తిరిగింది.

అంతలో కృపామణి డ్యూటీ దిగే వేళయింది. "నువ్వు కింద పని కానివ్వు. మీ వదినకి మాత్రం తెలియకూడదు" అని రసూల్‌కి చెప్పి, చెప్పులు మార్చుకుని నా కారులో హాస్టల్‌కి పరిగెత్తాను.

కృపామణి కారవాన్ ఎక్కగానే కర్టెన్‌ను ముట్టుకుంది. మంచం మీద దుప్పటి సర్దింది. పొయ్యి మీద గిన్నె పెట్టి కాసేపు ఊరికే దాని ముందు నిలబడింది. పెళ్లయ్యాక మా ఇద్దరికీ కలిపి టీ కాయడానికి ఆమెకు దొరికిన మొదటి పొయ్యి అది. ఇదే అదననుకున్నాను.

"మణీ, ఈ చల్లగాలీ, ఈ ప్రశాంతతా జిజాన్‌లో..."

ఠంగ్!

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఒంటెలు. తిరుగుతుంటాయి."

ఠంగ్! ఠంగ్!

"సుత్తి పట్టుకునా?"

"చలికి ఇనుము ముడుచుకుంటుంది మణీ. సైన్సు."

"యా అల్లా, నా యేలు!" అని నేల కిందినుంచి వినిపించింది.

"సైన్సుకి కడప యాస కూడా వచ్చా?" అంటూ కృపామణి గిన్నె కడగడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్లింది. నేను "వద్దు!" అనేలోపే కుళాయి తిప్పింది. కింద నబీ రసూల్ పెట్టిన కేకకు కొండ మారుపలికింది.

ఇక దాచేదేముంది? ఆమె దిగి వచ్చింది. కారవాన్ కిందినుంచి రసూల్ కాళ్లు కనిపిస్తున్నాయి. మిగతా మనిషి నిలువునా తడిసి ఉన్నాడు.

"వదినా, సలామాలేకుం" అన్నాడు కాళ్లు కదిలిస్తూ.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె కోపగించుకోలేదు. బ్యాగులోంచి గ్లోవ్స్ తీసి తను వేసుకుని, మా ఇద్దరికీ చెరో జత ఇచ్చింది. ట్యాంకు చుట్టూ ఓసారి తిరిగి, "పైపుకి పగులు లేదు. ఇంక దీన్ని కిందికి జారనివ్వకండి. జారితే పైపు ఊడొస్తుంది" అంది. వార్డులో రోగిని చూసినట్టే చూసింది.

జాకీ పెడితే ఇసుకలో దిగిపోతోంది. రసూల్ దగ్గర ఉన్న బోల్టులేమో ఒక్కటీ సరిపోవు. బోల్టు రసూల్ జీవితంలో అంతటి అవమానం మరొకటి లేదు. తల వంచుకుని, "అన్నా, ఊళ్లోకి పోయి పట్టీ, బోల్టులు తెచ్చా. అందాక కాళ్లతో పట్టుకోనుండు" అన్నాడు. వీపు కింద చాప వేసి నన్ను కారవాన్ కిందికి తోశాడు. రెండు పాదాలూ ట్యాంకుకి ఆనించి పైకెత్తాను. అతను తోట బండెక్కి వెళ్లిపోయాడు.

కృపామణి వంగి నన్ను చూసింది.

"బైబిల్లో మీ పేరున్న ప్రవక్తగారిని బురద గోతిలోకి వేరేవాళ్లు దించారు. మీరు మీ అంతట మీరే దిగారు యిర్మీయాగారూ."

"నవ్వించకు మణీ, ట్యాంకు ఊగుతోంది."

"కదలకండి, టీ తెస్తాను" అని వెళ్లింది. చాలాసేపు రాలేదు. ట్యాంకు అడ్డంగా ఉండటంతో అవతల పక్క ఏం జరుగుతోందో నాకు కనపడలేదు. ఏదో దొర్లిన చప్పుడు వినిపించింది. కప్పుతో వచ్చి నా తల పక్కన ఇసుకలో కూర్చుని, చెంచాతో టీ పట్టసాగింది.

"ఇప్పుడు చెప్పండి. జిజాన్ ఎందుకొద్దు?"

"ఎండలు..."

చెంచా ఆగిపోయింది.

"దోమ..."

కప్పు పక్కన పెట్టేసింది. లేచి పారిపోదామంటే కాళ్లు రెండూ ట్యాంకు మీదున్నాయి. మొగుడి దగ్గర నిజం రాబట్టడానికి ఇంతకు మించిన ఏర్పాటు ఎక్కడా ఉండదు.

"అక్కడ నేనేం చెయ్యను మణీ?" అన్నాను ఆఖరికి. "ఇక్కడ షెడ్డులో పదిమంది నన్ను సూపర్‌వైజర్ అంటారు. అక్కడ నీ క్వార్టర్స్‌లో కూర్చుని, నువ్వు డ్యూటీకి వెళ్తుంటే టాటా చెప్పాలా? అందరూ నర్సమ్మగారి మొగుడంటే పడొచ్చు. నీకు బరువైపోతానేమోనని భయం."

కృపామణి నా నుదుటి మీది ఇసుక తుడిచింది.

"అబూ మిషారి వాళ్లమ్మ మా వార్డులో ఉండి వెళ్లింది, తెలుసుగా?" అంది నెమ్మదిగా.

"ఆ, తుంటి ఆపరేషన్."

"ఇంటికెళ్లే రోజు నా చెయ్యి పట్టుకుని, నీకేం కావాలో అడుగు బిడ్డా అంది. మా ఆయన కావాలి అన్నాను."

తల ఎత్తబోయి కారవాన్ అడుగుకి కొట్టుకున్నాను.

"పెద్దావిడ ఒకటే నవ్వు. కుట్లు ఊడిపోతాయేమోనని హడలిపోయాను. మొత్తం విని అక్కడినుంచే కొడుక్కి ఫోన్ చేసింది. ఆయన నకల్‌కి ఒప్పుకున్నాడు."

"నకలా? దేనికి నకలు? నా పాస్‌పోర్టుకా?"

"ఖర్మ! తెలుగు నకలు కాదండీ, అరబ్బీ నకల్. మిమ్మల్ని వేరే కఫీల్ దగ్గరికి మార్చడం. జిజాన్‌లో ఆయన బావమరిదికి మామిడితోటలున్నాయి. షెడ్డు చూసే మనిషి లేక కాయలు పాడైపోతున్నాయట. మీ ఆయన పనిమంతుడేనా అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"కాయ ముట్టుకుంటే ఎప్పుడు పండుతుందో చెప్పేస్తాడు, పెళ్లాం మనసులో ఏముందో మాత్రం చెప్పలేడు అన్నాను."

"మరి నేను అడిగితే కారవాన్ ఇచ్చాడుగా?"

"అదీ వాళ్లమ్మే ఇమ్మంది, వెళ్లేముందు కొన్నాళ్లు కలిసి ఉండండి అని. మీరు అడగడానికి వస్తున్నారని రసూల్ వాళ్లకి ముందే చెప్పాడు."

"రసూల్‌కి తెలుసా!"

"కడపలో వాళ్లావిడ తాజున్నీసాకి కూడా తెలుసు."

ఖర్జూరాలనీ ఒంటెల్నీ అంతలా పొగిడిన నోటిని గట్టిగా మూసుకున్నాను.

"నేనింకా ఒప్పుకున్నానని ఆసుపత్రికి చెప్పలేదండీ" అంది కృపామణి. ఇప్పుడు ఆమె గొంతులో వెక్కిరింత లేదు. "మీరు రానంటే నేనూ వెళ్లను. ఒక్కదాన్నే క్వార్టర్స్‌లో ఉండటానికైతే హాస్టల్ ఏం పాపం చేసింది?"

"వెళ్దాం మణీ."

"ట్యాంకు బరువుకి అంటున్నారా, మనస్ఫూర్తిగానా?"

"మనస్ఫూర్తిగానే. ట్యాంకు మీద ఒట్టు."

"అయితే కాళ్లు దించండి."

"దించితే పడిపోదూ?"

"పడదు. టీకి వెళ్లినప్పుడే కారులోంచి స్టెప్నీ దొర్లించుకొచ్చి అవతల ఆనించాను. పైన చెక్క కూడా పెట్టాను. ఇంతసేపూ మీరు పట్టుకున్నది ఉత్త గాలి."

భయం భయంగా ఒక కాలు దించాను. ట్యాంకు కదల్లేదు. రెండోదీ దించాను. అది కదిలితే ఒట్టు. కృపామణి నవ్వుతూ నవ్వుతూ చాప మీద నా పక్కనే వాలిపోయింది. కారవాన్‌లో మెత్తటి మంచం ఉంది, పూల కర్టెన్ ఉంది. మేం మాత్రం దాని కింద పడుకుని, జిజాన్ వెళ్లగానే ముందు ఏ చేప తేవాలా అని వాదించుకున్నాం.

ఎండ పచ్చబడుతుండగా రసూల్ తిరిగొచ్చాడు. వంగి చూసి నోరు తెరిచాడు.

"అన్నా! మరి ట్యాంకు ఎవురు పట్టుకోనుండారన్నా?"

"మీ వదిన."

అతను బోల్టుల పొట్లం నాకివ్వబోయి, ఒక్క క్షణం ఆలోచించి, ఆమె చేతికిచ్చాడు.

కొత్త పట్టీ వేశాం. కృపామణి టార్చి పట్టుకుని ఇటు, అటు అని చెబుతుంటే రసూల్ బిగించాడు. నేను అందించాను. పొద్దు కొండ వెనక్కి దిగేసరికి ట్యాంకు తన చోటికెక్కి బుద్ధిగా కూర్చుంది. చివరి పరీక్షకు ఆమె లోపలికెళ్లి కుళాయిలన్నీ తిప్పింది. నేను కింద పడుకుని చూస్తున్నాను.

"ఏవండీ, ఏమైనా కారుతోందా?"

ట్యాంకు కారడం లేదు. పైపు కారడం లేదు. నా కళ్లే కారుతున్నాయి.

"చుక్క కూడా లేదు" అని అరిచాను.

"మరి ఆ ముక్కు ఎగబీల్చడం ఏంటి?" అంది కృపామణి నేల పైనుంచి. "పైకి రండి, టీ చల్లారిపోతోంది."