నెత్తురుకో రిలీవరు

ఎవరి నెత్తురు పరీక్షకి వాళ్ళే వెళ్ళాలనేవాడు జన్మలో రైల్వే ఉద్యోగం చేసి ఉండడు!

ఖరగ్‌పూర్‌లో మన బదులు డ్యూటీ ఎక్కే రిలీవరు లేకుండా ఏ పని జరుగుతోంది చెప్పండి. డ్రైవరుకి ఉన్నాడు, గార్డుకి ఉన్నాడు, గేటు దగ్గర జెండా ఊపేవాడికీ ఉన్నాడు. తాతల నాటి నుంచి మనం నేర్చిన ఈ విద్య ఒక్క సూది ముందు ఎందుకు ఆగిపోవాలి?

సంగతేమిటంటే, రైల్వే ఆస్పత్రిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళ నెత్తురు తీసి, తేరనిచ్చి, పైన తేలిన సీరాన్ని చిన్న సీసాలో పోసి గవర్నమెంటు లాబొరేటరీకి పంపుతున్నారు. సవాయి అనే సుఖరోగం ఉందో లేదో అక్కడ తేలుస్తారు. ఉందంటే మొగుడు కూడా వచ్చి చెయ్యి చాపాలట! వర్క్‌షాపులో ఛార్జ్‌మన్, పూజా కమిటీలో పెద్ద, అలాంటి మనిషి ఆడవాళ్ళ మధ్య బల్ల మీద కూర్చోవడమా?

అందుకే మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట మగవాళ్ళు నూకయ్యను కనిపెట్టారు. బాయిలర్ షాపులో ఖలాసీ. బ్రహ్మచారి, ఆంజనేయ భక్తుడు, టీ కూడా ముట్టడు. ఎవరికి పిలుపొచ్చినా తనే వెళ్ళి, వాళ్ళ పేరు చెప్పి, నెత్తురిచ్చి, వాళ్ళింట్లో శేరు పాలు తాగుతాడు. కాంపౌండరు బాబు బెంగాలీ. ఆయనకి మన పేర్లన్నీ ఒకటే, ముఖాలన్నీ ఒకటే. నూకయ్యకీ ఆ పరీక్ష దేనికో తెలీదు. "ఒంట్లో బలం సూస్తారు గావాల బాబూ!" అంటాడు.

ఫలితాలు చూశారా? మా పేటలో ఒక్క మగవాడికీ రోగం లేదు! ఇంతటి శీలం దేశంలో ఇంకెక్కడైనా ఉందా? రోగమంతా ఇల్లు దాటని ఆడవాళ్ళకే. గోడల్లోంచి దిగుతోంది కాబోలు. పక్కనే హిజ్లీలో అంత పెద్ద ఇంజనీరింగు కాలేజీ కట్టారు కదా, అక్కడి ప్రొఫెసర్లు ఈ సంగతి తేల్చాలి.

మా పక్క క్వార్టర్లో ఛార్జ్‌మన్ గణపతిరావు గారి భార్య సింహాచలమ్మకి రెండు కాన్పులూ పోయాయి, రెండుసార్లూ బిడ్డ చచ్చి పుట్టింది. ఇప్పుడు ఆరో నెల. నెత్తురులో సవాయి ఉందన్నారు. లేడీ డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టి, మొగుడికీ మందు పడకపోతే మళ్ళీ అంటుకుంటుంది, ఈ బిడ్డా దక్కదు అంది. గణపతిరావు గారి తరఫున నూకయ్య వెళ్ళాడు. నెత్తురు నిర్మలం!

ఇక అత్తగారు పోలమ్మ ఊరుకుంటుందా? "నా కొడుకు రగతం అద్దంనాగున్నాదంట. నీకెక్కణ్ణించొచ్చిందే?" అని, కోడల్ని పుట్టింటికి పలాస బండెక్కించడానికి పెట్టె సర్దేసింది.

లేడీ డాక్టరుకి మాత్రం నమ్మకం కుదరలేదు. గణపతిరావు గారి సీరం ఇంకోసారి పంపమంది. ఆ రోజే సింహాచలమ్మ ఇంజెక్షను కోసం వచ్చి బల్ల మీద కూర్చుంది. "గణపతి దాదా!" అని కాంపౌండరు పిలవగానే నూకయ్య లేచి చొక్కా చెయ్యి మడిచాడు.

ఆమె కూడా లేచింది. హాలంతా వినబడేలా అంది: "నూకయ్యన్నా! నీ రగతం మంచిదే. గానీ నా కడుపులో ఉన్నది నీ బిడ్డ కాదు గదా!"

ఆ పరీక్ష దేనికో నూకయ్యకి అప్పుడర్థమైంది. మడిచిన చెయ్యి దించేసుకుని బయటికి నడిచాడు. ఇప్పుడు ఎవరు ఎన్ని పాలు పోస్తామన్నా తలుపు తీయడం లేదు. గణపతిరావు గారు సిక్ లీవు పెట్టి ముసుగు తన్నారు. పోలమ్మ సర్దిన పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది.

అయినా ఆయన వెళ్ళకూడదనే నా వాదన! వెళ్ళి మందు వేయించుకున్నారనుకోండి, మూడు నెలల్లో ఆ ఇంట్లో పసిబిడ్డ ఏడుపు మొదలవుతుంది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనం ఏమైపోవాలి? ఇప్పటికి ఆ ఇంట్లో రెండు కాన్పులయ్యాయి. ఒక్కనాడూ మన నిద్ర చెడలేదు.