ఫ్రేంవర్కు మార్చండి, పుణ్యం కట్టుకోండి

దుర్గాపూజ వచ్చిందంటే కొత్త బట్టలు కొంటామా లేదా? అలాగే పూజకో కొత్త టెస్టింగ్ ఫ్రేంవర్కు తెచ్చుకోవాలి! తెచ్చుకోని కంపెనీ కూడా ఒక కంపెనీయేనా?

ఇదేమిటో తెలియని పాఠకులు కంగారు పడకండి. వెబ్‌సైటు సరిగ్గా నడుస్తోందా లేదా అని మనిషి కూర్చుని చూడక్కర్లేకుండా, బ్రౌజర్ తనంతట తనే తెరుచుకుని, ఫారాలు నింపేసి, బటన్లు నొక్కేసి, అంతా బాగుంటే పచ్చ టిక్కు పెట్టేస్తుంది. దాన్ని ఆడించే సరంజామాయే ఫ్రేంవర్కు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండే అప్పలలక్ష్మికి ఇదంతా తెలుసు. చదువు ఏడో తరగతిలో ఆగిపోయినా తెలుసు. మరిది యోగేశ్ ఆ పనే చేస్తాడు మరి, అదీ ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని.

కొందరు ఛాందసులుంటారు. బటన్ పేరు మారితే ఒక్కచోట దిద్దుకుంటే చాలు, పరీక్షలన్నీ సర్దుకోవాలంటారు. మనం మానేసి వెళ్ళినా తర్వాత వచ్చినవాడికి అర్థం కావాలంటారు. ఎంత స్వార్థం! అన్నీ సర్దుకుపోతే యోగేశ్‌కు పనేముంటుంది? ‘పంపించు’ను ‘సమర్పించు’ అనగానే పరీక్షలన్నీ కుప్పకూలాలి. వాడు కంచం పక్కన పెట్టుకుని దిద్దుతూ ఇల్లు కదలకుండా ఉండాలి. అప్పుడే కదా అప్పలలక్ష్మి తన కూతురు సుజనను వాడి ఒళ్ళో పడేసి కుళాయి దగ్గరికి వెళ్ళొచ్చేది! కూలిపోయే ఫ్రేంవర్కును మించిన ఆయా ఈ కలకత్తాలో దొరుకుతుందా?

ఆ రోజుల్లో యోగేశ్ కంపెనీ ఒక ఇంగ్లీషు మీడియం బడికి అడ్మిషన్ల సైటు కడుతోంది. సుజనకు సీటు రాదేమోనని అప్పలలక్ష్మి గుండెలు గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్న బడి అదే.

“ఒదినా, పరీక్షకి ఎవులో ఒక పాప పేరు కావాల. మన సుజన పేరెట్టీసినాను. పుట్టిన తేదీ కూడా కరెక్టుగా ఏసినాను.”

“కంప్యూటర్లోనే? నా తల్లి పేరే?”

ఆ పూట వాడి కంచంలో చేప తలకాయ పడింది. అప్పలలక్ష్మి పేరును బడివాళ్ళు ఏడో తరగతిలోనే కొట్టేశారు. కూతురి పేరు బడిలో చేరకముందే ఎక్కింది. పొంగిపోదా?

అప్పట్లో పరీక్షలు నకలు సైటు మీద నడిచేవి. చూడ్డానికి అచ్చం అసలుదే, అక్కడేం నింపినా బడికి చేరదు. ఇంతలో టీమ్ లీడు ఒక వీడియో చూశాడు. కొత్త ఫ్రేంవర్కు! పరుగులు పెడుతుందట, దాని లోగో బొమ్మ కూడా ముద్దుగా ఉందట. ఎంచుకోవడానికి ఇంకేం కావాలి? పాతదాన్ని పక్కన పారేశారు. ‘నకలు సైటుకే వెళ్ళు’ అని చెప్పే ఒక్క వాక్యం దాంతోపాటే పోయింది. అలాంటి వాక్యం ఒకటుందని తెలిసినవాడు అప్పటికే ఉద్యోగం మారాడు. కొత్త ఫ్రేంవర్కు చక్కగా అసలు సైటుకు వెళ్ళి, చక్కగా సుజన పేరుతో దరఖాస్తు పెట్టి, చక్కగా పచ్చ టిక్కు కొట్టింది.

జనన సర్టిఫికెట్టు చేతికొచ్చేసరికి దరఖాస్తులకు ఆఖరి రోజు. అప్పలలక్ష్మి ఫోను పట్టుకుని ఒక్కో అక్షరం వెతికి నొక్కి, దండం పెట్టుకుని పంపించింది. ‘ఈ పాప దరఖాస్తు ఇదివరకే అందింది’ అంది సైటు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట.

“యోగేసూ! నా పిల్ల పేరు ఎవుడో ఏసీసినాడ్రా! సీటెలిపోద్దిరా!”

యోగేశ్ తొంగి చూశాడు. ముఖం వెలిగింది. “టెన్షన్ పడకొదినా, ఇది బగ్గు కాదు. ఒకే పిల్లకి రెండోసారి ఏస్తే ఒప్పుకోకూడదు. ఆ టెస్టు కూడా నానే రాసినాను. సూడు, పాసు!”

“నీ పాసు పొయ్యిలో ఎట్ట! నానిప్పుడేటి సెయ్యాల?”

హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే పాట వినిపించింది. పాట బాగుంది. సాయంత్రానికి సైటు మూసేశారు.

తర్వాత బడివాళ్ళు లాటరీ తీశారు. జాబితాలో సుజన పేరుంది! అప్పలలక్ష్మి కళ్ళు తుడుచుకునేలోపే పక్క గడి కనబడింది. తండ్రి పేరు: టెస్ట్ ఫాదర్.

ఓడరేవు డ్యూటీ నుంచి వచ్చిన మొగుడు ఉమామహేశ్ ఆ గడి మీద వేలు పెట్టాడు. “ఏటే, ఈ టెస్ట్ ఫాదరెవుడు?”

“నన్నడుగుతావేటి? నీ తమ్ముణ్ణడుగు!”

“నీ పేరు కంపెనీ కంప్యూటర్లో ఎట్టడానికి బయ్యమేసిందన్నయ్యా” అంది తలుపు చాటు నుంచి ఒక గొంతు.

బడి ఆఫీసులో గుమాస్తా దాదా, వాళ్ళ బెంగాలీలో వదినా అని వరస కలిపి, చల్లగా చెప్పాడు. “బౌదీ, జాబితా ఖాయమైపోయింది, పేరు మార్చడం కుదరదు. టెస్ట్ ఫాదర్ గారొచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే సీటు తర్వాతి పిల్లకి.”

ఉమామహేశ్ డ్యూటీ ఎగ్గొట్టి, నోటరీ ముందు నిలబడి, ‘టెస్ట్ ఫాదర్ అనబడే ఉమామహేశ్’ అని అఫిడవిట్టు రాయించుకున్నాడు. గుమాస్తా తిప్పి తిప్పి చూసి ముద్ర కొట్టాడు. సీటు దక్కింది.

చూశారా, ఎంత మేలో! ఫ్రేంవర్కు మార్చకపోయుంటే ఆ తల్లి మామూలుగా దరఖాస్తు పెట్టి, మామూలుగా తండ్రి పేరు రాసి ఊరుకునేది. అందులో రుచేముంది?

మొన్న యోగేశ్ ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు. “ఒదినా, మా లీడు వేరే కంపెనీకి ఎలిపోతన్నాడు. ఈసారి ఫ్రేంవర్కు నన్నే ఎంచమన్నారు. ఏది మంచిదంటావు?”

అప్పలలక్ష్మి బడికి వెళ్ళే పిల్లకు జడ వేస్తోంది. తల ఎత్తలేదు.

“ఏదో ఒకటి తీసుకో. రేపు నువ్వూ ఎలిపోతావు. అప్పుడు దాన్ని సూసుకునీవోడెవుడో, ముందు ఆడి పేరు రాయి.” దువ్వెన వాడి వైపు ఆడించింది. “అసలు పేరు!”