పీరప్ప వెనక భీమవ్వ

తాను ఒకనాడు కనబడకపోతే ఎవరైనా అడుగుతారా అన్న సందేహం పీరప్పకు భార్య పోయినప్పటి నుంచీ ఉంది. ఇంత చిన్న సంగతి దేవుణ్ణి అడగడానికి మొహమాటం. ఆ సోమవారం నిన్నటి నీళ్లతోనే స్నానం, పూజ కానిచ్చి, మధ్యాహ్నం దాకా మౌనంగా జపం చేసుకుందామనుకున్నాడు. మాట్లాడేవాళ్లు లేని ఇంట్లో మౌనవ్రతం పెద్ద కష్టమూ కాదు. తలుపు గడియ పెట్టి కూర్చున్నాడు.

బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో ఆ గల్లీకి నల్లా వచ్చింది. వెంటే కొట్లాటలూ వచ్చాయి. చివరికి పెద్దలు కట్టడి చేశారు: ఎవరి వెనక ఎవరో ఖాయం, ముందువాళ్లు బిందె ఎత్తాకే వెనకవాళ్లు పెట్టాలి. వరస మొత్తం ఎవరికీ తెలియదు. తన ముందు మనిషి తెలిస్తే చాలు.

ఆ రోజు పీరప్ప ముందున్నవాళ్లంతా నీళ్లు పట్టుకుని వెళ్లిపోయారు. ఆయన వెనకుండే భీమవ్వ మాత్రం కదల్లేదు.

"బిందె పెట్టక్కా, నీళ్లు పోతున్నయ్," అన్నాడు ఆమె వెనకున్న దుర్గప్ప.

"నా ముందట పీరప్పన్న. ఆయన ఎత్తకుండ నేనెట్ల పెడ్త? రేపు నువ్వే పంచాయితి పెడ్తవ్."

"అయితే నన్నన్న పట్టుకోనీ."

"నీ ముందట నేను లేనా? కండ్లు కనబడ్తలేవా?"

దుర్గప్ప విసుక్కుంటూ పోయి పీరప్ప తలుపు కొట్టి వచ్చాడు. "లోపల గడియ ఉన్నది. పలుకుతలేడు."

ఈ మాట వరస చివరికి చేరేసరికి పీరప్పకు రాత్రి నుంచి జ్వరం. తిరిగి ముందుకు వచ్చేసరికి ప్రాణమే లేదు. బిందెలు వదిలేసి అందరూ పరిగెత్తారు. దుర్గప్ప భుజంతో నెడితే గడియ ఊడింది. కళ్లు మూసుకుని కూర్చున్న పీరప్పను చూసి భీమవ్వ శోకం అందుకుంది. "ఒక్క మాట చెప్పకుండ పోతివా అన్నా!"

పీరప్ప కళ్లు తెరిచి, ఏమైందని చేత్తో అడిగాడు.

"చేతులూపుతవేంది? సావలేదని నోటితోని చెప్పు!" అని అరిచాడు దుర్గప్ప.

"ఉన్న," అన్నాడు పీరప్ప. వ్రతం పోయింది.

ఈలోగా నల్లా కూడా ఆగిపోయింది. నీళ్లన్నీ మోరీపాలు. గల్లీ అంతా నిలబడి తిట్టింది. అంతమంది తన పేరు పట్టుకుని తిట్టడం ఎన్నాళ్లకో విన్న పీరప్ప, ఒక్క తిట్టుకూ అడ్డు చెప్పలేదు.

సాయంత్రం భీమవ్వ ఒక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "వదిన దగ్గర శేరు జొన్నపిండి చేబదులు తీస్కున్న. అంతల్నే ఆమె పాయె. వట్టి పిండి ఇస్తే నువ్వేం చేస్కుంటవని ఊకున్న. పొద్దుగాల నువ్వు పోయినవనంగనే యాదికొచ్చింది. రొట్టెలు చేసిన, తిను."

పీరప్ప అన్నీ తిన్నాడు. రొట్టెలు చాలా గట్టిగా ఉన్నాయి. ఆ రోజు భీమవ్వ ఇంట్లో పిండి తడపడానికి సరిపడా నీళ్లు లేవు.